మోటారు పందెములకు పుట్టినిల్లు, మెట్టినిల్లు

మోటారు కార్ల పందెములకు తమ ఊరే అసలైన ఇల్లని చెప్పుకొను నగరములు లోకమున అనేకము కలవు. పారిస్, లె మాన్, ఇండియానాపొలిస్, మొనాకో, వీనిలో ప్రతిదాని పక్షమునను గట్టిగా వాదించు అభిమానులు ఉన్నారు. మన ఇండ్లలో ఆడపిల్లకు పుట్టినిల్లని, మెట్టినిల్లని రెండిండ్లు గలవు. పందెము విషయమునను ఈ రెంటిని వేరుచేసి చూచినచో చిక్కు చాలవరకు విడిపోవునని మా తలంపు.

పుట్టినిల్లు పారిస్ అనుటలో సందేహము లేదు. 1894 జులై 22వ తేదీన 'లె పెతీ జూర్నాల్' అను దినపత్రిక పారిస్ నుండి రువాన్ పట్టణము వరకు 126 కిలోమీటర్ల పోటీ నడిపినది. 102 బండ్లు పేర్లిచ్చినను, తుదకు బయలుదేరినవి 21 మాత్రమే. అన్నిటికంటె ముందు చేరినది ద దియాన్ ప్రభువు నడిపిన ఆవిరిబండి. అయినను మొదటి బహుమతి ఆయనకు దక్కలేదు. భద్రముగా, సులువుగా, తక్కువ వ్యయముతో నడచు బండికే బహుమతి యని నిబంధన. ఆయన బండిలో నిప్పు చూచుకొనుటకు వేరొక మనిషి కావలసి యుండెను. అందుచే ఆ బహుమతిని పెట్రోలు బండ్లు చేయు పేజో, పనార్ లెవాసోర్ సంస్థలకు పంచియిచ్చిరి. తొలి పోటీలో న్యాయనిర్ణేతలు వేగముకంటె భద్రతకే పెద్దపీట వేసిరన్న సంగతి గుర్తుంచుకొనదగినది.

ఆ వివేకము చిరకాలము నిలువలేదు. 1895 జూన్‌లో పారిస్ నుండి బోర్దో వరకు పోయి మరల పారిస్ చేరు 1178 కిలోమీటర్ల పందెము జరిగెను. ఎమీల్ లెవాసోర్ ఆ దూరమును 48 గంటల 48 నిమిషములలో ముగించెను. అనగా గంటకు ఇంచుమించు 24 కిలోమీటర్ల వేగము. ఎనిమిదేండ్లలో ఆ వేగము ఎన్నో రెట్లు పెరిగెను. బాటలు మాత్రము పూర్వపు మట్టిబాటలే. 1903 మే 24న పారిస్-మాడ్రిడ్ పందెము వెర్సాయి నుండి బయలుదేరినది. ధూళిలో దారి కానరాక, జనము బాటలపైకి వచ్చుటచేత, ప్రమాదముపై ప్రమాదము జరిగెను. మార్సెల్ రెనో మున్నగు పలువురు ప్రాణములు కోల్పోయిరి. ప్రభుత్వము పందెమును బోర్దోలోనే నిలిపివేసినది. కార్లను గుర్రములచే రైలు స్టేషనుకు లాగించిరి. నగరమునుండి నగరమునకు సాగు పందెముల కాలము దానితో దాదాపు ముగిసినది.

అంతట పందెమునకు వేరొక యిల్లు వెదకవలసి వచ్చెను. లె మాన్ ఆ వరుసలో ముందు నిలుచును. 1906 జూన్ 26, 27 తేదీలలో మొదటి ఫ్రెంచి గ్రాన్ ప్రీ ఆ ఊరి సమీపముననే జరిగినది. రెనో కారులో ఫెరెన్స్ సిస్ గెలిచెను. 1923లో మొదలైన ఇరువదినాలుగు గంటల పందెము నేటికిని అచ్చట నడచుచున్నది. 1955 జూన్ 11న అచ్చట ఒక కారు జనములోనికి దూసికొనిపోగా 80 మందికి పైగా మరణించిరి. ఆ పిమ్మట బాటను, ప్రేక్షకుల స్థలమును మార్చి కట్టిరి. అయినను ఆ పందెపు బాటలో కొంత భాగము మిగిలిన దినములలో పదిమంది నడచు రాజమార్గమే. పందెము అచ్చటికి ఏటేట వచ్చి గౌరవము లందుకొని పోవు చుట్టమువంటిది.

పందెముకొరకే కట్టిన బాటలలో ఇంగ్లండులోని బ్రూక్లండ్స్ 1907 నాటిది. కాని 1939 తరువాత అచ్చట పందెములు జరుగలేదు. అందుచే మా దృష్టి అమెరికాలోని ఇండియానాపొలిస్ వైపు మరలుచున్నది.

1909లో కార్ల్ ఫిషర్, మరి ముగ్గురు వ్యాపారులు కలిసి రెండున్నర మైళ్ల బాట నిర్మించిరి. ఆ ఊరిలో తయారగు కార్లను పరీక్షించుట వారి ఉద్దేశములలో ఒకటి. కంకర, తారు పరచిన ఆ బాట ఆగస్టులో జరిగిన తొలి కార్ల పందెములకే చెదిరిపోయెను. మూడు దినములలో ఐదుగురు మరణించిరి. వారిలో ఇద్దరు ప్రేక్షకులు. చివరి పందెమును నడుమనే ఆపివేసిరి. అంతటితో తలుపులు మూసికొనినను ఆశ్చర్యపడువారు లేకుందురు. కాని యజమానులు ఆ సంవత్సరముననే 32 లక్షల ఇటుకలు పరపించి బాటను తిరిగి వేయించిరి. 1911 మే 30న అదే బాటపై మొదటి 500 మైళ్ల పందెము జరిగినది. ఆ ఊరిలోనే తయారైన మార్మన్ కారులో రే హారూన్ గెలిచెను. తక్కినవారు వెనుక వచ్చు బండ్లను గమనించుటకు ఒక మెకానిక్కును వెంట కూర్చుండబెట్టుకొనగా, అతడు ఒంటరిగా, ఒక అద్దము బిగించుకొని నడిపెను.

1930 దశకమున ఆ ఊరి కార్ల సంస్థలు ఒక్కొక్కటిగా తయారీ మానినవి. యుద్ధకాలమున, 1942 నుండి 1945 వరకు, పందెములు ఆగి బాట పాడుపడెను. 1945లో టోనీ హల్మన్ దానిని కొని బాగుచేయించగా, 1946లో పందెము మరల మొదలయ్యెను. వ్యాపారము పోయినను పందెము నిలిచినది.

రేడియోవారమైన మాకు మరియొక విషయము ముఖ్యముగా తోచుచున్నది. 1952లో ఆ పందెపు బాట తన సొంత రేడియో ప్రసారవ్యవస్థ నేర్పరచుకొనెను. సిడ్ కాలిన్స్ దాని ప్రధాన వ్యాఖ్యాత. 1964లో రెండవ చుట్టులోనే మంటలు చెలరేగి ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్డొనాల్డ్ అను చోదకులు మరణించిరి. పందెము ఆగినది. సాక్స్ మరణవార్త అందగానే కాలిన్స్ ముందుగా వ్రాసికొననిదే మైక్రోఫోను ఎదుట నివాళి పలికెను. మరుసటి యేటినుండి ఇంధన నియమములు మారి, పెట్రోలు స్థానమును మిథనాలు ఆక్రమించెను. మృతునకు కన్నీరు, బ్రదికియున్నవారికి జాగ్రత్త, ఈ రెండును ఒక ఇంటివారు చేయు పనులే.

మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పందెము జరిగినది. ఫ్రెంచి చోదకుడు ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. 2024లో జరుగవలసిన రెండవ పందెము రద్దయినది. ఒకనాటి వేడుకతో ఏ ఊరును ఇల్లు కాజాలదు.

ఇండియానాపొలిస్‌పై ఒక ఆక్షేపణ కలదు. ఆ బాట నేడు స్పీడ్వే అను వేరొక చిన్న పట్టణమునకు చెందినది. కాని ఆ పట్టణము చుట్టును ఇండియానాపొలిస్ నగరమే ఉన్నది. పొలిమేర గీత బంధుత్వమును తెంచజాలదు.

పుట్టినిల్లు పారిస్ అనియు, మెట్టినిల్లు ఇండియానాపొలిస్ అనియు మా నిర్ణయము. మొదటిది పందెమునకు జన్మనిచ్చి, కీడు కలుగగానే వాకిటినుండి పంపివేసినది. రెండవది తొలినాటనే కీడును కన్నులార చూచి, బాటను తిరిగి వేసి, శతాబ్దమునకు పైగా దానిని తనయొద్దనే ఉంచుకొనినది. ఇల్లు అను మాట దానికే ఎక్కువ తగును.