గంజాం జిల్లా సాలీళ్లు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి పెరట్లోనో ఉద్దానం జీడితోటలోనో కనిపించిన సాలీడు ఏదో పోల్చుకోవాలంటే ముందు గూడు చూడాలి. గూడు నడుమ తెల్లటి వంకరటింకర పట్టీ ఉండి, దానిమీద సాలీడు కాళ్లు జతలు జతలుగా చాపి తలకిందులుగా ఉంటే అది ఆర్గియోపి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎండలో పసుపుపచ్చగా మెరిసే పెద్ద గూడు నెఫిలాది. పెంకులాంటి గట్టి పొట్ట, దాని అంచున ముళ్లు ఉంటే గాస్టరకాంత.

ఈ తీరంలో జీవుల లెక్క ఎప్పుడో మొదలైంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ పాముల మీద 1796లో, విశాఖపట్నం చేపల మీద 1803లో పుస్తకాలు వేశాడు. చేపలకు స్థానికులు పిలిచే పేర్లు కూడా ఎక్కించాడు. కరిచేవాటికీ, కూర వండుకునేవాటికీ ముందు వరస దక్కింది మరి!

సాలీళ్ల విషయానికొస్తే, నెఫిలాకు శాస్త్రీయ నామం 1793లోనే ఐరోపాలో ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. మన దేశపు సాలీళ్ల మీద పోకాక్ పెద్ద గ్రంథం 1900లో లండన్‌లో అచ్చయింది. టెక్కలికి దగ్గర్లో జరిగిన పని మాత్రం చిలికాలోని బర్కుడా దీవిది. జంతుశాస్త్రవేత్త ఆనండేల్ 1917లో కాళ్లులేని నలికిరిని వర్ణించింది అక్కడిదే. ఆ దీవి సాలీళ్లు, తేళ్ల మీద గ్రేవ్లీ 1921లో వ్యాసం రాశాడు. ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్.

అప్పటికి బర్కుడా, టెక్కలి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. 1936లో ఒడిశా ఏర్పడగానే దీవి అటు పోయింది, టెక్కలి విశాఖ జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చాక టెక్కలి అందులోకి చేరింది. ఒకప్పటి సొంత జిల్లా సాలీళ్ల జాబితా అలా పొరుగు రాష్ట్రం ఖాతాలో పడింది. సాలీళ్లకు సరిహద్దులెక్కడివి? ఉద్దానంలో వెతికేవాళ్లు ముందు తిరగేయాల్సింది గ్రేవ్లీ వ్యాసమే.

ఆ తర్వాత అందరికీ అక్కరకొచ్చిన పుస్తకం జువలాజికల్ సర్వే తరఫున 1982లో వచ్చిన టికాదర్ సంపుటం. అందులోని బొమ్మలు చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆర్గియోపి అనసూజా, ఆర్గియోపి పుల్చెల్లా రెండిటికీ పసుపు చారలే. ఖాయంగా తేల్చాలంటే ఆడదాని పొట్ట అడుగున జననాంగం ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. అందుకే ఫోటో తీసేవాళ్లు వీపు ఒక్కటే తీసి ఊరుకోకుండా, గూడు అవతలికి వెళ్లి పొట్ట వైపు కూడా తీయాలి. నెఫిలా గూట్లో నలుసంత ఉన్నదాన్ని పిల్ల అనుకుని వదిలేయకూడదు. అది మగ సాలీడు కావచ్చు.