తప్పు జరిగిందా.. పర్లేదు, పద!

మొన్నామధ్య ఓ క్లయింట్ పాత సర్వర్లో రాత్రిపూట నడిచే వీబీస్క్రిప్ట్ ఒకటి నా నెత్తిన పడింది. పని చిన్నదే. ఇన్వాయిస్ ఫైళ్ళని వేరే డిస్కుకి కాపీ చెయ్యాలి, రెండిటి సైజూ ఒకటే అయితే అసలుది డిలీట్ చెయ్యాలి. మూడు వారాలుగా ఆ డిస్కుకి కనెక్షనే లేదు. కాపీలు లేవు, అసలువీ లేవు. లాగ్‌లో మాత్రం రోజూ 'సక్సెస్'!

తెరిచి చూస్తే మొదటి లైనే 'ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్'.

జీడబ్ల్యూ-బేసిక్ రోజుల్లో ఇవి రెండు వేర్వేరు వాక్యాలు. 'ఆన్ ఎర్రర్ గోటూ' అంటే తప్పు జరిగితే ఫలానా లైనుకి దూకమని. అక్కడ చక్కబెట్టుకున్నాక 'రెస్యూమ్ నెక్స్ట్' అంటే ఆగిన చోటి తర్వాతి లైనుకి పొమ్మని. ముందు రిపేరు, తర్వాతే ప్రయాణం. విజువల్ బేసిక్ (1991) వాళ్ళకి అలవాటైన రూపంలో రెండూ అతుక్కుపోయి మధ్యలో రిపేరు ఎగిరిపోయింది. ప్రతి లైను తర్వాతా 'ఎర్' నంబర్ మనమే చూసుకోవాలి. ఎవరు చూస్తారు చెప్పండి :)

1996లో వచ్చిన వీబీస్క్రిప్ట్‌లో (ఇంచుమించు నా ఈడుదే) లేబుల్‌కి దూకే సదుపాయం కూడా తీసేశారు. ట్రై-క్యాచ్ దానికి ఎప్పటికీ రాలేదు. అన్నట్టు, 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వార్మ్ కూడా వీబీస్క్రిప్టే, దాని మొదట్లోనూ ఇదే వాక్యం. ముక్కూమొహం తెలియని మెషీన్లో ఏది దొరక్కపోయినా ఆగకూడదు కదా!

సరే, నా స్క్రిప్ట్ సంగతి. రాసినాయన 'ఇఫ్' పెట్టి సైజులు పోల్చాడు, పాపం జాగ్రత్తపరుడే. కానీ కాపీ లేకపోతే దాని సైజు అడగడమే ఎర్రర్. అప్పుడు కండిషన్ తప్పినట్టు కాదు, తర్వాతి లైనుకి వెళ్తుంది. ఆ తర్వాతి లైను 'ఇఫ్' లోపలే ఉంది. అదే డిలీట్! కాపలా పెట్టిన తలుపే తెరుచుకుంది. ఇది చదివి నమ్మలేక, టెస్ట్ ఫోల్డర్లో రెండుసార్లు నడిపి చూశాను.

విండోస్ నుంచి వీబీస్క్రిప్ట్‌ని క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్లో ప్రకటించింది. మా సర్వర్‌కి ఆ కబురు అందినట్టు లేదు. కాపీ లైను ముందు 'ఆన్ ఎర్రర్ గోటూ జీరో' పెట్టాను. ఆ రాత్రి స్క్రిప్ట్ ఆగిపోయింది, తెల్లారేసరికి మేనేజర్ నుంచి మెయిల్: "నిన్నటిదాకా బానే నడిచేది కదా, ఏం మార్చారు?"