పట్నం దాటిన సిగ్నల్.. పల్లెకు చేరిన తీరు

అత్తాపూర్: ఇక్కడ ఎవరినైనా చిరునామా అడిగితే ముందుగా వినిపించేది వంతెన స్తంభం సంఖ్య. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున నిర్మించిన పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం 2009 అక్టోబరులో ప్రారంభమైన నాటి నుంచి ఇదే అలవాటుగా మారింది. ఫోన్లో స్తంభం సంఖ్య చెబితే వచ్చేవారు దారి తప్పరు. అయితే ఇదే దారిన దక్షిణంగా సాగి శంషాబాద్, షాబాద్ మండలాల పల్లెల వైపు మళ్లితే సెల్‌ఫోన్ సిగ్నల్ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. ఆ ఊళ్లకు ఇక్కడి నుంచి దూరం తక్కువే. లైసెన్సు నిబంధనల్లో మాత్రం ఆ దూరం చాలా ఎక్కువ.

జిల్లా కేంద్రమే కొలబద్ద

దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలను మెట్రో సర్కిళ్లుగా విడదీసిన ప్రభుత్వం హైదరాబాద్‌ను ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంచింది. 2014లో రాష్ట్రం విడిపోయినా లైసెన్సుల లెక్కలో ఆ సర్కిల్ విడిపోలేదు. అత్తాపూర్ కూడలికీ, ఆదిలాబాద్ గూడేనికీ, శ్రీకాకుళం తీరానికీ ఒకే లైసెన్సు వర్తిస్తుంది.

ఆ లైసెన్సుల్లో కంపెనీలకు పెట్టిన షరతు స్వల్పం. మొదటి ఏడాదిలో 10 శాతం, మూడేళ్లలో 50 శాతం జిల్లా కేంద్రాలకు సేవలు అందిస్తే చాలు. జిల్లా కేంద్రానికి బదులు అదే జిల్లాలోని మరో పట్టణాన్ని ఎంచుకోవచ్చు. గ్రామీణ ప్రాంతాలకు సేవలు తప్పనిసరి కాదని పత్రాల్లోనే స్పష్టంగా రాశారు.

రంగారెడ్డి జిల్లా విషయంలో ఈ నిబంధన విచిత్రంగా పరిణమించింది. 1978లో ఏర్పడిన ఈ జిల్లా కలెక్టరేట్ దశాబ్దాల పాటు హైదరాబాద్ నగరంలోనే ఉంది. కొంగరకలాన్‌కు తరలింది 2022 ఆగస్టులోనే. అంటే నగరానికి సిగ్నల్ ఇస్తే జిల్లా కేంద్రానికి ఇచ్చినట్లే. ఆపై మండలాలకు వెళ్లాలా, వద్దా అన్నది కంపెనీల లాభనష్టాల లెక్కకే మిగిలింది. అత్తాపూర్ అప్పటికి రాజేంద్రనగర్ పురపాలక సంఘంలో ఉన్నా (గ్రేటర్‌లో విలీనమైంది 2007 ఏప్రిల్‌లో) నగరాన్ని ఆనుకొని ఉండటం కలిసివచ్చింది.

ధర తగ్గాక కదలిక

తొలి రోజుల్లో నిమిషానికి రూ.16 వరకు పడేది. వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాల్సిందే. ఎత్తకుండా రింగులతోనే కబురు చెప్పుకొనే ‘మిస్డ్ కాల్’ భాషకు అప్పుడే గిరాకీ. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్, అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ రంగంలోకి దిగాయి. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. కూలి పనికి వెళ్లేవారి జేబుకూ ఫోన్ అందుబాటులోకి వచ్చింది. అయినా 2007 మార్చి నాటికి దేశంలోని గ్రామాల్లో నూరుగురికి 6 కనెక్షన్లు కూడా లేవు.

మార్కెట్ వెళ్లని చోటికి ప్రభుత్వమే దారి వేయక తప్పలేదు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం లెవీతో నడిచే సార్వత్రిక సేవా నిధిని 2002లో ఏర్పాటు చేసినప్పుడు అది సెల్‌ఫోన్ల కోసం కాదు. 2006లో చట్టాన్ని సవరించాకే సెల్ టవర్లకు సాయం సాధ్యమైంది. 2007లో మొదలైన పథకం కింద, సిగ్నల్ లేని 2 వేలు, ఆపై జనాభా గల గ్రామాలకు లేదా గ్రామ సమూహాలకు 7 వేలకు పైగా టవర్లు మంజూరయ్యాయి. ఒక టవరును మూడు కంపెనీలు పంచుకోవాలన్నది నిబంధన. ఖర్చు తగ్గించడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

విమానాశ్రయం చెంత ఎత్తుకు హద్దు

టవరు ఎంత ఎత్తుగా ఉంటే సిగ్నల్ అంత దూరం వెళుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు మరింత దూరం పోతాయి. అందుకే 900 మెగాహెర్ట్జ్‌తో సరిపోయే చోట 1800 మెగాహెర్ట్జ్‌కు ఎక్కువ టవర్లు కావాలి. మధ్యలో గుట్ట అడ్డుపడితే ఆ వెనుక ఊరు మూగబోతుంది.

శంషాబాద్ చుట్టుపక్కల దీనికి మరో చిక్కు తోడైంది. 2008 మార్చి 23న అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయ్యాక విమానాల రాకపోకల మార్గాల కింద నిర్మాణాల ఎత్తుకు పరిమితులు వచ్చాయి. 2015 నిబంధనల ప్రకారం విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల పరిధిలో ఎత్తు అనుమతి చూసుకోవాలి. టవరు స్థలానికి టెలికాం శాఖ అనుమతి వేరుగా అవసరం. ఎత్తు తగ్గితే అదే విస్తీర్ణానికి టవర్ల సంఖ్య పెరగాలి, ఖర్చూ పెరుగుతుంది. నివాసాలు పలుచగా ఉన్న చోట ఆ ఖర్చు రాబట్టుకోవడం కష్టం. నగరంలో మేడ మీద టవరు వద్దని గొడవ, పల్లెలో పొలం గట్టునైనా పెట్టమని వేడుకోలు. రేడియేషన్ భయాల నేపథ్యంలో 2012 సెప్టెంబరు నుంచి దేశంలో పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు.

ఊరికి ఉంది.. తండాకు?

ప్రభుత్వ లెక్కల్లో కొలమానం రెవెన్యూ గ్రామం. ఊరి మధ్యలో సిగ్నల్ ఉంటే గ్రామానికి అందినట్లే నమోదవుతుంది. రెండు, మూడు కిలోమీటర్ల దూరంలోని తండా, శివారు పల్లె ఆ లెక్కలో కలిసిపోతాయి. తెలంగాణలో 2018 చట్టంతో అనేక తండాలు పంచాయతీలయ్యాయి గానీ రెవెన్యూ గ్రామాలన్నీ అలా మారలేదు.

ఈ తేడా ప్రాణాల మీదకు వచ్చే సందర్భాలున్నాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ రావాలంటే ముందు కాల్ కలవాలి. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం పనిచేయడానికీ సిగ్నలే ఆధారం. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ కూలీల హాజరును ఫొటోలతో యాప్‌లో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. ఆ ఫొటో చేరకపోతే హాజరు లెక్కకు చిక్కులు వస్తాయి.

4జీ అందని 24,680 గ్రామాలకు సేవలు విస్తరించేందుకు 2022 జులైలో కేంద్రం రూ.26,316 కోట్ల పథకాన్ని ఆమోదించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. సార్వత్రిక సేవా నిధి 2024 జూన్‌లో ‘డిజిటల్ భారత్ నిధి’గా మారింది. 2024 మార్చి నాటి ట్రాయ్ లెక్కల్లో పట్టణాల్లో నూరుగురికి 133, గ్రామాల్లో 59 కనెక్షన్లు ఉన్నాయి.

ట్రాయ్ 2024 నిబంధనల మేరకు కంపెనీలు తమ సిగ్నల్ పరిధి చూపే పటాలను వెబ్‌సైట్లలో ఉంచాలి. పటంలో సిగ్నల్ చూపుతూ ఫోన్ కలవని చోట వినియోగదారు మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి సంఖ్య తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి, ఆపై టెలికాం శాఖకు వెళ్లవచ్చు. విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు.