విల్మెట్ వంశచరిత్ర: ఒప్పందపత్రంలో తల్లి పేరు

మహాసరస్సుల ప్రాంతంలో పొటవాటమీ ఆదివాసులకూ ఫ్రెంచి వలసదారులకూ మధ్య ఏర్పడిన కుటుంబాల వంశచరిత్రను నిర్మించడంలో ప్రధానమైన చిక్కు ఇంటిపేరు. అది తండ్రి వైపే దారి చూపుతుంది. పొటవాటమీల గోత్రవ్యవస్థ సైతం పితృవంశానుగతమే. కనుక ఉభయ సంప్రదాయాలలోనూ తల్లి స్థానం మరుగున పడే అవకాశం ఉంది. విల్మెట్ కుటుంబం ఈ అంశాన్ని స్పష్టం చేస్తుంది.

ఆంట్వాన్ విల్మెట్ మాంట్రియల్ పరిసరాల నుంచి వచ్చి, 1790 ప్రాంతంలో షికాగోలో స్థిరపడ్డాడు. భార్య ఆర్కాంజ్ తండ్రి ఇంటిపేరు షెవాలియే, తల్లి పొటవాటమీ. 1829 జూలై 29 నాటి ప్రేరీ దు షీన్ ఒప్పందం మిషిగన్ సరస్సు తీరాన రెండు సెక్షన్ల భూమిని, అనగా 1,280 ఎకరాలను, ఆర్కాంజ్‌కూ ఆమె సంతానానికీ కేటాయించింది. ఆ పత్రం ఆమెను పొటవాటమీ స్త్రీగా, ఆంట్వాన్ భార్యగా పేర్కొన్నది. ఆమె పితృవంశపు ప్రస్తావన అందులో లేదు. మిశ్రవారసత్వంలో ప్రభుత్వానికి అవసరమైన పార్శ్వమే అక్కడ నమోదయింది.

దేశాధ్యక్షుని అనుమతి లేనిదే ఆ భూమిని అన్యాక్రాంతం చేయరాదని ఒప్పందం నిబంధన విధించింది. అందువల్ల 1840లలో విక్రయానికి పూనుకున్న వారసులు తమ హక్కును తల్లి ద్వారానే నిరూపించుకోవలసి వచ్చింది. వంశపరిశోధకునికి ఈ భూపత్రాలే మాతృవంశానికి ఆధారం.

1872లో గ్రామంగా ఏర్పడిన విల్మెట్‌కు మాత్రం భర్త ఇంటిపేరే నిలిచింది. ఊరిపేరుతో ఆరంభించే పరిశోధన ఆంట్వాన్ వద్ద ఆగిపోతుంది. భూహక్కుతో ఆరంభిస్తే ఆర్కాంజ్‌నూ, ఆమె తల్లినీ చేరుతుంది.