పౌరులు, జానపదులు, రైతులు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను తెలుగు పండితుడనే. అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయులు లేని పీరియడ్లు తరచు నా పాలబడేవి. పౌరశాస్త్రం నాకు ఆ విధంగా అబ్బింది. తెలుగు పండితుని చేతికి పౌరశాస్త్రం చిక్కితే ఏమవుతుందో మిత్రులు ఊహించగలరు. మొదట వ్యుత్పత్తి చెబుతాడు!

పురంలో ఉండేవాడు పౌరుడు. జనపదంలో, అంటే పల్లెపట్టున ఉండేవాడు జానపదుడు. మన పురాణాలలో రాజు కొలువుకు 'పౌరజానపదులు' కలిసే వస్తారు. రాజ్యాంగపు భాష మనకు వచ్చేసరికి జానపదుడు జారిపోయి, పౌరుడొక్కడే నిలిచాడు. పల్లెవానికి మిగిలిన పేరు రైతు. అది అరబ్బీ 'రఅయ్యత్' నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మనను చేరిన మాట. అక్కడ దాని అర్థం కాపరి మేపే మంద. ఆపైన, ఏలికకు లోబడిన ప్రజ. మనం ఎంతో ఆదరంగా పలికే మాట వెనుక ఇంత కథ ఉన్నది.

ఈ ప్రాంతపు పిల్లలకు పౌరవిద్య లక్ష్యమేమని ఎవరైనా అడిగితే, ఆ రఅయ్యత్ ఏ దారిన పౌరుడైనాడో తెలియజేయడమే అంటాను. 1952-53 నాటి ముదలియార్ కమిషన్ ప్రజాస్వామిక పౌరసత్వాన్ని మాధ్యమిక విద్య లక్ష్యాలలో ముఖ్యమైనదిగా చెప్పింది. బాగున్నది. కాని పాఠ్యపుస్తకాలలోని పౌరుడు చాలాకాలం పన్ను కట్టేవాడు, ఎడమవైపున నడిచేవాడు మాత్రమే. పౌరశాస్త్రం అనే బోధనాంశమే ఆంగ్లేయుల కాలంలో, ప్రజలలో పెరుగుతున్న అవిధేయతను చూసి పుట్టినదని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ప్రాథమిక విధులు రాజ్యాంగంలో చేరినది కూడ అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 నాటి 42వ సవరణ ద్వారానే. పిల్లలు మాత్రం ఆ విధులనే చక్కగా కంఠస్థం చేస్తారు. హక్కులు ఏడా, ఆరా అన్న దగ్గర తడబడతారు. ఆస్తి హక్కును 44వ సవరణ తొలగించిన తరువాత చాలాకాలం ఉపాధ్యాయులమూ తడబడినవారమే లెండి.

దారి అన్నాను కదా, అది సిరిసిల్ల మీదుగా పోతుంది. 1935లో నాలుగవ ఆంధ్ర మహాసభ అక్కడ జరిగింది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే 'గస్తీ నిషాన్ 53' కింద ముందుగా సర్కారు అనుమతి పొందాలి. అట్టి రోజులలో ఆంధ్ర మహాసభలు వెట్టిచాకిరిని గురించి, మాతృభాషలో చదువును గురించి మాట్లాడినవి. పదిమంది ఒకచోట కూడి తమ సంగతి తాము మాట్లాడుకోవడమే ఆనాడు పౌరవిద్య.

స్వరాజ్యం వచ్చింది, నిజాం పోయినాడు, 1952లో ఓట్లు వేశారు. వెట్టి మాత్రం గ్రామాలలో చాలాచోట్ల మిగిలింది. 1978 సెప్టెంబరులో రైతు కూలీ సంఘాల పిలుపున చుట్టుపక్కల పల్లెల నుండి వేలాదిమంది జగిత్యాలకు నడిచివచ్చారు. దానినే జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాము. వెట్టి పోవాలని, కూలి పెరగాలని, దొరల చేతిలోని పోరంబోకు, బంజరు భూములు దక్కాలని అడిగారు. జానపదులు పురంలోకి వచ్చిన రోజది. వ్యుత్పత్తి ప్రకారం చూసినా ఆనాడు వారు పౌరులే! అక్టోబరు 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అందుకు వాడిన చట్టం 1948 నాటిది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే స్వేచ్ఛ 19వ అధికరణంలో ఉన్నదని ఆ ఏడాది ఆ తాలూకాల బడులలోనూ పాఠం చెప్పే ఉంటారు. తరువాతి దశాబ్దాలు తుపాకుల నడుమ గడిచినవి, ఇరువైపులా ప్రాణాలు పోయినవి. ఆ చరిత్ర వేరుగా వ్రాయవలసినది.

కోరుట్ల సంగతి మరొకటి. అక్కడ తల్లులు బీడీలు చుడతారు, తండ్రులు గల్ఫుకు పోతారు. చాలా ఇళ్ళలో పౌరసత్వమంటే పాస్‌పోర్టే. 1983 వలసల చట్టం కింద ఏర్పడిన పద్ధతిలో, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు కూలికోసం గల్ఫుకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఉత్తీర్ణునికి అక్కరలేదు. మోసపోకుండా కాపాడడానికే అన్నారు. కాపరి, మంద మళ్ళీ గుర్తుకు రాలేదా? ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో వెనుక వరుసవారు కూడ తలలెత్తి వినేవారు.

23వ అధికరణం బోధించేటప్పుడు నేను ఆంగ్ల మూలాన్నే నల్లబల్లపై వ్రాసేవాడిని. అందులో 'బేగార్' అన్న మాట అట్లాగే ఉన్నది, అనువాదం లేకుండా. తాతలకు తెలిసిన మాట రాజ్యాంగంలో కనిపించేసరికి పిల్లలకు ఆశ్చర్యం. ఇంటికి పోయి పెద్దవారిని అడిగి రమ్మనేవాడిని. కట్టెలు, గడ్డి, పండుగకు మేక, చెప్పులజోళ్ళు, కుండలు, దొర బండి ముందు పరుగు... ఏ కులంవారు ఏమి చేసేవారో వ్రాసుకొని వచ్చేవారు. ఒకరిద్దరు ఏమీ వ్రాయకుండా వచ్చేవారు, ఇంట్లో చెప్పలేదట. నేను గుచ్చి అడిగేవాడిని కాను.

ఒకమారు కోరుట్ల వైపు బడిలో తొమ్మిదవ తరగతి అమ్మాయి లేచి, "సార్, బీడీలు బాగలేవని కొన్ని కట్టలు తీసేసి, వాటికి కూలి కట్టియ్యరు. అది గూడ వెట్టేనా?" అని అడిగింది. ఆసియా క్రీడల కట్టడాల కూలీల వ్యాజ్యంలో, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడ 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరియేనని సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పిన సంగతి వివరించాను. అయితే వెయ్యి బీడీలకు కనీస వేతనమెంత అన్నారు. అది పాఠ్యపుస్తకంలో లేదు. నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని కార్మిక శాఖ కార్యాలయానికి పోయి వ్రాసుకొని వచ్చాము.