కౌన్సిలర్ సంతకం లేకుండా

ఇంటి ముందు మురుగు పొంగుతోందని కౌన్సిల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిన మనిషి, చివరికి పైన విచారించే అధికారి ఒకరున్నారని విని అర్జీ రాస్తాడు. జవాబు వస్తుంది: ఈ కాగితాన్ని మీ కౌన్సిలర్ ద్వారా పంపండి. 1974 నుంచి 1988 దాకా ఇంగ్లండ్‌లో పద్ధతి ఇదే. ఏ కౌన్సిల్ మీద ఫిర్యాదో, ఆ కౌన్సిల్ సభ్యుడి చేతుల మీదుగానే అది వెళ్లాలి. ఆ సభ్యుడు పంపకుండా కూర్చున్నాడని తేలితేనే అధికారి నేరుగా తీసుకోవచ్చు. ఈ షరతు పెట్టినవాళ్లు అమాయకులేమీ కారు. ఎందుకు పెట్టారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇలా విచారించే అధికారినే అంబుడ్స్‌మన్ అంటారు. ఆ పదవికి ఆద్యుడు ఒక రాజు. 1709లో పోల్టావా దగ్గర రష్యా చేతిలో ఓడిన స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ ఒట్టోమన్ల గడ్డ మీద తలదాచుకున్నాడు. స్వదేశంలో అధికారులు ఏం చేస్తున్నారో చూసేందుకు 1713లో అక్కడి నుంచే ఒక ప్రతినిధిని నియమించాడు. అది రాజు కోసం పెట్టుకున్న కన్ను. 1809లో స్వీడన్ పార్లమెంటు అలాంటి అధికారిని తన తరఫున పెట్టుకుంది. అసలు మార్పు అక్కడ మొదలైంది. 1955లో డెన్మార్క్ తొలి అంబుడ్స్‌మన్‌గా వచ్చిన స్టీఫన్ హర్విట్జ్ ఊరూరా ఉపన్యాసాలిచ్చి ఈ ఆలోచనను బ్రిటన్ దాకా చేర్చాడు. 1962లో న్యూజిలాండ్ దాన్ని అందుకుంది.

బ్రిటన్‌లో అప్పటికే నేల సిద్ధంగా ఉంది. డోర్సెట్‌లోని క్రిచెల్ డౌన్‌లో 725 ఎకరాలను 1938లో బాంబుల సాధన కోసం ప్రభుత్వం తీసుకుంది. యుద్ధం అయ్యాక పాత యజమానుల కుటుంబం తిరిగి కొనుక్కుంటామంటే అధికారులు దాటవేశారు. ఆ కుటుంబానికి పలుకుబడి ఉంది కాబట్టి బహిరంగ విచారణ జరిగింది, 1954లో వ్యవసాయ మంత్రి థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశాడు. పలుకుబడి లేనివాడి సంగతేమిటని న్యాయవాదుల సంస్థ ‘జస్టిస్’ అడిగింది. 1961లో సర్ జాన్ వయట్ ఆధ్వర్యంలో అది తెచ్చిన నివేదిక అంబుడ్స్‌మన్ కావాలంది. అప్పటి ప్రభుత్వం కాదంది. ప్రభుత్వం మారాక 1967లో చట్టం వచ్చింది, సర్ ఎడ్మండ్ కాంప్టన్ తొలి కమిషనర్ అయ్యాడు. అయితే రెండు మెలికలు. ఒకటి, ఫిర్యాదు పార్లమెంటు సభ్యుడి ద్వారానే రావాలి. జనం గోడు వినడం తమ పని, అది చేజారిపోతుందేమోనని సభ్యుల బెంగ. రెండోది, స్థానిక కౌన్సిళ్లు ఆ చట్టం పరిధిలో లేవు.

మామూలు మనిషికి మంత్రిత్వ శాఖతో పనేముంది? ఇల్లు, బడి, చెత్త, పక్కింటివాడు కట్టే మేడకు పర్మిషన్ — అన్నీ కౌన్సిల్ దగ్గరే. అదే వదిలేశారు.

దాన్ని ముందు కదిపింది లండన్ కాదు, ఉత్తర ఐర్లాండ్‌లోని కాలెడన్ అనే చిన్న ఊరు. అక్కడ ఇల్లంటే నీడ ఒక్కటే కాదు. స్థానిక ఎన్నికల్లో ఇంటి యజమానికో అద్దెదారుకో, వారి భార్యకో భర్తకో మాత్రమే ఓటు. కౌన్సిల్ ఒక ఇల్లు ఇచ్చిందంటే ఓట్లు ఇచ్చినట్టే. అందుకే బ్రిటన్‌తో కలిసి ఉండాలనే యూనియనిస్టుల చేతిలో ఉన్న పలు కౌన్సిళ్లు కాథలిక్కులకు ఇళ్లివ్వడానికి చెయ్యి వెనక్కి లాక్కునేవి. 1968 జూన్‌లో పిల్లలతో ఉన్న కాథలిక్ కుటుంబాలు ఎదురుచూస్తుండగా, డంగానన్ గ్రామీణ జిల్లా కౌన్సిల్ కాలెడన్‌లో ఒక ఇంటిని పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంట్ యువతికి కేటాయించింది. జూన్ 20న ఆస్టిన్ కరీ అనే శాసనసభ్యుడు ఆ ఇంట్లోకి జొరబడి కూర్చున్నాడు. పోలీసులు కొన్ని గంటల్లో ఈడ్చి బయట పడేశారు. ఆగస్టులో కోలైలాండ్ నుంచి డంగానన్‌కు పౌరహక్కుల పాదయాత్ర, అక్టోబర్ 5న డెరీ వీధుల్లో లాఠీచార్జి, అది టెలివిజన్‌లో ప్రపంచమంతా చూడడం. నవంబర్‌లో ఉత్తర ఐర్లాండ్ ప్రధాని టెరెన్స్ ఓనీల్ ప్రకటించిన సంస్కరణల్లో ఇళ్ల కేటాయింపుకు పాయింట్ల పద్ధతితో పాటు అంబుడ్స్‌మన్ కూడా ఉంది.

1969లో వచ్చిన ఫిర్యాదుల కమిషనర్ చట్టం కౌన్సిళ్ల మీద ఫిర్యాదులకు తలుపు తీసింది. బెల్ఫాస్ట్ అయినా డెరీ అయినా మనిషి నేరుగా ఉత్తరం రాసుకోవచ్చు, మధ్యలో ఎవరి సంతకమూ అక్కర్లేదు. అన్యాయం జరిగిందని కమిషనర్ తేలిస్తే, ఆ తీర్పు పట్టుకుని కౌంటీ కోర్టులో నష్టపరిహారం అడగొచ్చు. బ్రిటిష్ దీవుల్లో మరెక్కడా లేనంత పదునైన చట్టం అది. వీధులు మండబట్టే అంత దూరం వెళ్లారని నా అభిప్రాయం. ప్రశాంతంగా ఉన్న ఇంగ్లండ్‌కు అది దక్కలేదు.

ఇంగ్లండ్ తన దారిన తాను నింపాదిగా నడిచింది. 1969లో జస్టిస్ మరో నివేదిక ఇచ్చింది, లేబర్ ప్రభుత్వం ప్రతిపాదించింది, కన్జర్వేటివ్ ప్రభుత్వం 1974 ఫిబ్రవరిలో చట్టం చేసింది. కౌన్సిళ్లను తిరగ్గొట్టి కొత్తగా కట్టిన ఏడాది అది. ఆ చట్టంతో ఏర్పడ్డ అంబుడ్స్‌మన్ సంస్థకు తొలి అధ్యక్షురాలు బారొనెస్ సెరోటా. కౌన్సిలర్లు తమ పెద్దరికం పోతుందని గోల చేశారు, చట్టం వాళ్ల మాట విన్నది. పార్లమెంటు సభ్యుల బెంగే ఇక్కడికీ దిగింది. ఖర్చు కూడా కౌన్సిళ్లదే, పైగా కౌన్సిళ్ల సంఘాల ప్రతినిధుల బృందం ఒకటి ఆ సంస్థ వ్యవహారాలు చూసేది. నేరుగా వచ్చిన అర్జీలను కౌన్సిలర్ దగ్గరకు వెళ్లమని తిప్పి పంపేవారు. వాటిలో చాలా మళ్లీ రాలేదు.

1986లో కౌన్సిళ్ల పనితీరును పరిశీలించిన విడికోంబ్ కమిటీ ఆ షరతు తీసేయమంది. 1988లో తీసేశారు. వచ్చే ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగాయి. అన్నాళ్లూ జనానికి ఫిర్యాదులు లేక కాదు, కౌన్సిలర్ గడప తొక్కడం ఇష్టం లేక.

కౌన్సిల్ వినకపోతే ఏం చేస్తారన్నది ఇంకో చిక్కు. అంబుడ్స్‌మన్ ఆజ్ఞాపించలేడు, సిఫార్సు చేస్తాడు. మొదట్లో పరిహారం ఇద్దామన్నా కౌన్సిల్‌కు స్పష్టమైన అధికారం లేదు, 1978లో చట్టం ఇచ్చింది. 1989లో ఇంకో కొరడా చేర్చారు: మొండికేస్తే కౌన్సిల్ తన ఖర్చుతో స్థానిక పత్రికలో తన తప్పును అచ్చు వేయించుకోవాలి. ఈస్ట్‌లీ కౌన్సిల్ మురుగు కాలువల తనిఖీ వ్యవహారం 1988లో అప్పీల్ కోర్టుకెక్కింది. అంబుడ్స్‌మన్ నివేదికను కౌన్సిల్ కోర్టులో సవాలు చేయాలి, లేదంటే ఒప్పుకోవాలి అని న్యాయమూర్తి లార్డ్ డొనాల్డ్‌సన్ తేల్చేశాడు. ఇవాళ ఆ సంస్థ పేరు స్థానిక ప్రభుత్వ, సాంఘిక సంరక్షణ అంబుడ్స్‌మన్. ఇటీవలి సంవత్సరాల్లో దాని సిఫార్సుల్లో 99 శాతానికి పైగా కౌన్సిళ్లు అమలు చేశాయి. పత్రికలో పేరు పడుతుందన్న భయం కోర్టు వారెంటుకు తీసిపోదన్నమాట.

మన దగ్గర 1966లో వేసిన పరిపాలనా సంస్కరణల సంఘం లోక్‌పాల్, లోకాయుక్తలను సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1983లో లోకాయుక్త చట్టం తెచ్చుకుంది. కేరళ ఒక అడుగు ముందుకేసి 2000లో పంచాయతీలు, మునిసిపాలిటీల కోసమే ప్రత్యేక అంబుడ్స్‌మన్‌ను పెట్టింది. 13వ ఆర్థిక సంఘం ఇలాంటి అధికారి ఉంటేనే స్థానిక సంస్థలకు పనితీరు గ్రాంటు అని షరతు పెట్టింది. కాబట్టి మీ వీధి కాలువ గురించి మునిసిపల్ ఆఫీసులో నోటితో చెప్పి ఊరుకోకండి. రాసి ఇవ్వండి, తేదీతో రసీదు తీసుకోండి. రేపు లోకాయుక్త దగ్గరకు వెళ్లాల్సి వస్తే మీ చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.