నీడన ఆరేసినవి

మా అమ్మ రంగు చీరల్ని ఎండలో ఆరేయదు. "ఎండ రంగు తినేస్తుందిరా" అంటుంది. ఆ తినడమేమిటో నాకు కాలేజీకొచ్చాక గానీ తెలీలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువుల్లోని బంధాల్ని తెంపేస్తాయి. భూమ్మీద మనకి ఓజోన్ పొర ఒక గొడుగు. నక్షత్రాల మధ్య శూన్యంలో ఆ గొడుగు లేదు. అక్కడ రక్షణ లేని ఫార్మాల్డిహైడ్ అణువు కొన్ని పదుల ఏళ్లకి మించి బతకదు. కాలాన్ని కోట్ల ఏళ్లలో లెక్కపెట్టే చోట అది రెప్పపాటే.

అందుకే ఖగోళ శాస్త్రజ్ఞులు చాలాకాలం అక్కడ పెద్ద అణువుల కోసం వెతకనేలేదు. 1937-41 మధ్య దొరికినవి మూడే, అవీ రెండేసి పరమాణువులవి. అంతకన్నా పెద్దవి ఏర్పడినా నిలవవని చాలామంది నమ్మకం. కిరణాలు అణువుల్ని విరగ్గొడతాయన్నది నిజమే కాబట్టి ఆ నమ్మకాన్ని ప్రశ్నించడం కూడా కష్టమే.

మేజర్ పరిశోధనకి 1964లో నోబెల్ అందుకున్న చార్లెస్ టౌన్స్ ఆ తర్వాత ఖగోళం వైపు తిరిగాడు. అమ్మోనియా కోసం వెతుకుతానంటే అది దండగ పని అన్నవాళ్లున్నారు. 1968లో కాలిఫోర్నియాలోని హాట్ క్రీక్ రేడియో టెలిస్కోపుతో ఆయన బృందం మన పాలపుంత కేంద్రం దిక్కున అమ్మోనియాని పట్టుకుంది. మరుసటి ఏడాది ఇంకో బృందానికి ఫార్మాల్డిహైడే దొరికింది.

మరి ఎలా బతికాయి? ధూళి వల్ల. ఒకప్పుడు ఆకాశానికి పడిన కంతలేమో అనుకున్న నల్లమచ్చలు నిజానికి దట్టమైన ధూళి మేఘాలు. బయటి నక్షత్రకాంతి వాటి లోపలికి దూరలేదు. ఈ అణువులన్నీ నీడన ఆరేసిన చీరలన్నమాట.

అయితే నీడ కూడా పూర్తి చీకటి కాదు. 1983లో ప్రసాద్, తరఫ్‌దార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి చూపించారు. విశ్వకిరణాలు ధూళిని దాటుకుని మేఘం లోపలికి వెళ్లగలవు. అవి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లు మిగతా హైడ్రోజన్ అణువుల్ని ఢీకొడితే, అవి అక్కడికక్కడే అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి. అంటే తెంపే పని చీకట్లోనూ సన్నగా సాగుతూనే ఉంటుంది.

తెగిన ముక్కలు ఊరికే ఉండవు. జతకోసం తహతహలాడే ముక్కలవి. ధూళి రేణువుల మీద నీరు, మిథనాల్, అమ్మోనియా మంచుగా పేరుకుని ఉంటాయి. 2002లో రెండు బృందాలు అలాంటి మంచుని ప్రయోగశాలలో తయారుచేసి, అతిశీతలంలో అతినీలలోహిత కాంతికి గురిచేశాయి. మిగిలిన పదార్థాన్ని ఆమ్లంతో విడగొట్టి చూస్తే గ్లైసీన్, అలనీన్ లాంటి అమైనో ఆమ్లాలు కనిపించాయి. అంతరిక్షంలోనూ అచ్చం ఇలాగే జరిగిందనడానికి అది రుజువు కాదు. కానీ విరగ్గొట్టే కాంతే కొత్తవాటిని కట్టడానికి దారితీయగలదని తేలింది.

ఈ చరిత్ర చదువుతుంటే నన్ను పట్టుకున్నది ఆ పాత నమ్మకమే. కిరణాల గురించి వాళ్లకి తెలిసింది తప్పు కాదు. నీడని లెక్కలో వేసుకోలేదు, విరిగిన ముక్కలు ఏమవుతాయని అడగలేదు.

ఎండ తినేసిన రంగు ఎటు పోతుందని నేనూ ఎప్పుడూ అడగలేదు.